రెండు మెట్లుగా ఆరిన చుక్క

మార్చి పంతొమ్మిది, గురువారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నవి రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. గుడ్డులో సగం పళ్లెంలోనే ఉండిపోయింది. ఇంత చిన్న సంగతి ఎందుకు గుర్తుందంటే, ఆ పళ్లేనికి జానెడు దూరంలో మా ఆవిడ టెలిస్కోపు కటకం రెండు బిళ్లలుగా విడిపోయి తెల్లగుడ్డ మీద పడుకుని ఉంది. నమిలినంతసేపూ నేను దాని వంకే చూశాను.

కథ ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కొత్తగా చదివేవారికి చెప్పాలి. పద్దెనిమిదేళ్ల ఏడు నెలల కిందట, ఒక సాయంత్రం, చంద్రుడి చీకటి అంచు ఒక చిన్న చుక్కని కప్పేసింది. అలా కప్పినప్పుడు చుక్క మెల్లగా మసకబారదు. మీట నొక్కినట్టు ఠక్కున ఆరిపోతుంది. మా ఆవిడ మాత్రం తన నోటుబుక్కులో "రెండు మెట్లుగా ఆరింది. ముందు సగం, అర సెకను లోపల మిగతాది" అని రాసింది. అంటే అది ఒక చుక్క కాదు, ఆనుకుని ఉన్న రెండు. అంతకుముందు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మా నక్షత్ర సంఘం రిజిస్టరులో ఆవిడ ఆ వాక్యం ఎక్కించింది. సంఘం కార్యదర్శి దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "నాలుగంగుళాల కటకంలో ఇది కనపడదు" అని సంతకం పెట్టాడు. ఆ కార్యదర్శి పరాయివాడు కాదు. మా ఆవిడ అక్కగారి భర్త, నాకు తోడల్లుడు.

తర్వాత ఆవిడ రిజిస్టరు ముట్టుకోలేదు. చుక్కల్ని మాత్రం మానలేదు. పదహారేళ్లు తనకోసం తాను చూసుకుంది. రెండేళ్ల కిందట పోయింది.

చంద్రుడు తిరిగి తిరిగి అదే దారికి రావడానికి పద్దెనిమిదేళ్లు దాటుతుంది. ఇప్పుడు వచ్చాడు. రేపు, శుక్రవారం, సాయంత్రం ఏడూ పన్నెండుకి అదే చుక్కని కప్పుతాడు. మా ఊరినుంచి కనపడేది ఈ ఒక్కసారే. నాకు డెబ్భై రెండు. మళ్లీసారి సంగతి లెక్క వేయనక్కర్లేదు.

నెల కిందట నేను తోడల్లుడి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన వస్తానన్నాడు, ఒక షరతు మీద. "అదే గొట్టం, అదే కటకం ఉండాలి. నా అద్దం టెలిస్కోపులో కనపడితే చుక్క రెండని తేలుతుంది. ఆవిడ చూసిందని తేలదు. ఆ కటకంలో నా కంటికి కనపడితే నేను కొట్టేసిన వాక్యం నా చేత్తో నేనే మళ్లీ రాస్తాను." ఆ షరతులో నాకు తప్పు కనపడలేదు. సంతోషంగా ఇంటికొచ్చి గొట్టం మూత తీశాను. కటకం లోపల సాలెగూడు పోగుల్లా బూజు.

అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బిగింపు వలయం విప్పి, రెండు గాజు బిళ్లల్నీ బయటికి తీసి, స్పిరిట్టుతో తుడిచాను. అంతవరకు ఫరవాలేదు. నేను నలభై ఏళ్లు సర్వే ఆఫీసులో పటాలు గీసినవాణ్ణి. సిరా పెట్టాక కింది పెన్సిలు గీతలన్నీ చెరిపేయడం నా చేతికి ఊపిరంత అలవాటు. బిళ్లల అంచున, రెండింటినీ కలుపుతూ, ఒక సన్నటి పెన్సిలు గీత ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని శుభ్రంగా చెరిపేశాను.

కిందటివారం కళ్లజోళ్ల మేస్త్రి ఆ బిళ్లల్ని వెలుతురుకి ఎత్తి, చుట్టూ తిప్పి, "అంచున గీత ఏది సార్?" అని అడిగిన దగ్గర ఆగాం.

*

మేస్త్రి పన్నెండున్నరకి మేడ మెట్లెక్కి వచ్చాడు. కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో గాజు అరగదీసే మనిషి. చిన్నప్పుడు రవ్వ తగిలి ఎడమకన్ను పోయింది. ఆ రోజు దుకాణం తలుపుకి తాళం వేసి, "రేపు రండి" అని అట్టముక్క మీద రాసి తగిలించి వచ్చాడట. నేను అడగలేదు. అడగకుండా జరిగే ఇలాంటివే నన్ను ఈ రెండేళ్లూ నడిపించాయి.

"ఏ గాజూ సమంగా ఉండదు సార్," అన్నాడు కూర్చుంటూ. "ఒక పక్క వెంట్రుకవాసి మందం, ఇంకో పక్క పలచన. ఒకదాని వంకర ఇంకోదాని వంకరని సర్దేట్టు తిప్పి తిప్పి కూర్చోబెడతారు. కుదిరాక గీత గీస్తారు, మళ్లీ విప్పినవాడికి తెలియాలని."

"నేను చెరిపేశాను."

"విప్పినవాళ్లలో మీ అంత శుభ్రమైన మనిషి ఉంటాడని ఆ చేసినవాడు అనుకోలేదు."

నవ్వొచ్చింది. పదిరోజుల్లో అదే మొదటిసారి.

పై బిళ్ల అంచుని ఇరవైనాలుగు భాగాలు చేసి సన్నటి చుక్కలు పెట్టాడు. ఒక్కో చుక్క దగ్గర బిగించడం, చూడడం, కుదరకపోతే విప్పి తర్వాత చుక్కకి తిప్పడం. రెండు బిళ్లల మధ్య దూరం ఉంచడానికి మూడుచోట్ల తగరపు రేకు ముక్కలుండాలి. నేను విప్పినప్పుడు ఒకటి ఎగిరిపోయింది. మిగిలిన రెండూ పారేసి, చాక్లెట్టు మీది రేకు ఒకటే తీసుకుని మూడూ కొత్తగా కత్తిరించాడు. మూడింటికీ ఒకటే మందం ఉండాలి కదా.

పగటిపూట చుక్క ఎక్కడ దొరుకుతుంది? దానికీ ఉపాయం ఉంది. సైకిలు దుకాణంలో దొరికే ఉక్కు గోళీ ఒకటి నల్ల అట్టకి అంటించి, ఎండ పడే చోట దూరంగా పెడితే, దాని మీద సూర్యుడు సూదిమొనంత మెరుస్తాడు. టెలిస్కోపులో అచ్చం నక్షత్రమే. ఎదురింటి నీళ్ల ట్యాంకు గోడ మాకు వంద అడుగులు. ఆ ఇంటావిడ ఎందుకని కూడా అడగకుండా అట్ట నిలబెట్టుకోనిచ్చింది. పైగా బట్టలారేసే తీగ అడ్డమని విప్పేసింది.

బిళ్ల అంచు మీది మొదటి చుక్క దగ్గర బిగించాం. చేతి వేడి తగిలిన గాజు కుదుటపడడానికి పది నిమిషాలు ఆగాం. చూశాను. మెరుపుకి కుడిపక్క ఎర్రటి తోక, ఎడమపక్క నీలం.

"కాదు," అన్నాను.

రెండోది కాదు. మూడోది అసలే కాదు. నాలుగోదానికి బిళ్ల నా వేళ్లలోంచి జారబోయి గుడ్డ మీద ఆగింది. ఐదోదానికి మేస్త్రి బిళ్ల నా చేతికివ్వడం మానేశాడు. తన ఒడిలోనే పెట్టుకున్నాడు.

ఆగిన పది నిమిషాల్లోనూ మనిషి ఏదో ఒకటి ఆలోచిస్తాడు. నేను మా తోడల్లుడి పాత వాదన తలచుకున్నాను. ఆయన అద్దం టెలిస్కోపు ఎనిమిదంగుళాల వెడల్పు. "వెలుతురు పట్టడమంటే వానలో గిన్నె పెట్టడమే. నాది బకెట్టు, మీది గ్లాసు," అనేవాడు. అబద్ధం కాదు. మా గొట్టం ఐదడుగులు, కటకం నాలుగంగుళాలు. దూరపు మసక మబ్బులు, చుక్కల గుంపులు ఆయన బకెట్టులో పాలపొంగులా కనిపించేవి. మా గ్లాసులో ఉన్నాయంటే ఉన్నాయి. బాగా వెలిగే చుక్క చుట్టూ మా కటకం పలచటి ఊదా రంగు పులుముతుంది. అది కటకం పుట్టుకతో వచ్చిందే, పోదు. కటకాన్ని ఇంకో రెండంగుళాలు పెంచుదామంటే ధర ఇల్లంత, బరువు బీరువా అంత అవుతుంది.

అయినా మా ఆవిడ దీన్నే కోరుకుంది. "నాకు గ్లాసుడు చాలు బావగారూ, శుభ్రంగా ఉంటే," అనేది. మూసిన గొట్టం కాబట్టి లోపల గాలి కదలదు. అద్దాలు సర్దుకోనక్కర్లేదు, కళాయి పోదు. వంట ముగించి, చేతులు తుడుచుకుని, మేడెక్కి, మూత తీస్తే రెండు నిమిషాల్లో చుక్క సూదితో పొడిచినంత సన్నగా, నల్లటి ఆకాశంలో నిలబడేది. చంద్రుడి అంచు కత్తితో కోసినట్టుండేది. పక్కపక్కనే ఉన్న చుక్కల్ని విడదీయడానికి దీనంత మంచి కన్ను లేదనేది. ఇంటి పనికీ నిద్రకీ మధ్య దొరికే అరగంటకి అంతకన్నా ఏం కావాలి? ఒక్కసారి చక్కగా బిగిస్తే తరాలు పనిచేసే వస్తువు అది. విప్పకుండా ఉంటే.

*

తొమ్మిదో చుక్క దగ్గరుండగా వదినగారు వచ్చారు. తోడల్లుడి భార్య, మా ఆవిడ కన్నా ఆరేళ్లు పెద్ద. మెట్లెక్కిన ఆయాసంతోనే మొదలుపెట్టారు.

"ఆయన కనుక్కు రమ్మన్నారు మరిదిగారూ. కటకం గొట్టంలో ఉందా, ఇంకా బల్లమీదే ఉందా అని." ఒడిలో గుండ్రటిదేదో పెట్టుకుని కూర్చున్న మేస్త్రిని చూశారు. "ఓహో, ఒళ్లో ఉందా! ఇద్దరు మగాళ్లు, నాలుగు కళ్లు, ఒక గాజుబిళ్లని కూర్చోబెట్టలేకపోతున్నారు."

"నాలుగని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు మేస్త్రి. "నాకు ఒకటే. సారువి రెండూ ఆపరేషన్ కళ్లు. ఇద్దరికీ కలిపి ఒకటిన్నర వేసుకోండి."

"అందుకేనా ఈ అవస్థ!"

"మీరొకసారి చూసి చెప్పండి. ఎర్రతోక తగ్గిందా లేదా అనేది మాకు తేలడం లేదు."

"నాకేం తెలుసు నాయనా? నేనెప్పుడూ దీంట్లో చూసిన పాపాన పోలేదు. ఆయనా చెల్లీ పోట్లాడుకుంటుంటే మధ్యన కూర్చుని వినడమే నా వంతు."

అంటూనే వచ్చి వంగారు.

నేను సంఘంలో ఎంతోమందికి మొదటిసారి టెలిస్కోపు చూపించాను. మొదటిసారి చూసేవాళ్లు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంటారు. చుక్క ఎగిరి ఎటో పోతుంది. రెండో కన్ను గట్టిగా మూస్తారు. మొహమంతా ముడతలు పడుతుంది. వదినగారు కళ్లజోడు తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. రెండో కన్ను తెరిచే ఉంచారు. ఊపిరి బిగబట్టి, గొట్టం ఊగడం ఆగేదాకా కదలకుండా నిలబడ్డారు.

చేతులు వెనక్కి కట్టుకోవడం మా ఆవిడ నేర్పే పద్ధతి. ఇంకెవరూ అలా నేర్పరు.

"తోక తగ్గింది గానీ పోలేదు," అన్నారు వదినగారు కన్ను తీయకుండా. వేలి కొనతో, చూపు సర్దే మర కొంచెం తిప్పారు. "బయటికి లాగితే మెరుపు చుట్టూ వలయాలు గుండ్రంగా రావడం లేదు. కోడిగుడ్డులా ఉన్నాయి."

మేస్త్రి నా వంక చూశాడు. నేను మేస్త్రి వంక చూశాను. ఆయన ఒళ్లో ఉన్నదాన్ని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు.

"కింద టీ తాగి వస్తాను సార్. గాజు కూడా చల్లారాలి," అని మెట్లు దిగిపోయాడు. గాజు గొట్టంలోనే ఉంది. ఆయన ఒళ్లో ఉన్నది మూత.

"వదినగారూ," అన్నాను. "వలయాలు గుండ్రంగా ఉండాలని మీకెవరు చెప్పారు?"

ఆవిడ నిటారుగా నిలబడి కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఆయనతో నలభై ఏళ్లు కాపురం చేశాను. చెవిన పడవా?"

"చెవిన పడితే మాట వస్తుంది. చేతులు వెనక్కి వెళ్లవు."

ఆవిడ పిట్టగోడ దాకా నడిచి, కింద వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. నేను పక్కకి వెళ్లలేదు. ఎందుకో ఆ మాట ఆవిడ అటు తిరిగి ఉంటేనే చెప్పగలరనిపించింది.

"ఆ రోజు మీరు ఊళ్లో లేరు," అన్నారు చివరికి. "కొలతల క్యాంపులో ఉన్నారు."

"ఏ రోజు?"

"ఏ రోజని అడుగుతారేమిటి మరిదిగారూ, మనింట్లో ఇంకో రోజుందా? ఆ ఆగస్టు సాయంత్రం. నేను సంచి సర్దుకుని ఇక్కడికి వచ్చేశాను. స్నేహితురాలికి జ్వరం, రాత్రికి తోడు ఉంటానని ఆయనకి చెప్పాను. మళ్లీ వెళ్లకూడదనే వచ్చాను."

"అన్నగారు ఏమైనా..."

"కొట్టలేదు, తిట్టలేదు. ఆయన తిట్టే మనిషి కాదు. దిద్దే మనిషి. వాన వచ్చేట్టుంది అంటే, మబ్బులున్నాయి అను, వాన సంగతి నీకెలా తెలుసు అంటారు. పాలు విరిగినట్టున్నాయి అంటే, విరిగాయా లేదా అంటారు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా, ప్రతి మాటా. ఇరవై ఏళ్లయ్యేసరికి నాకు నోరు తెరవాలంటే భయం పట్టుకుంది. ఆ రోజు అద్దం ముందు నిలబడి నా పేరు నేను చెప్పుకున్నాను, తప్పేమైనా ఉందా అని. అప్పుడు సర్దాను సంచి."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు. ఆవిడ అది పోయేదాకా ఆగారు.

"ఇక్కడికొచ్చి ఏడుస్తూ కూర్చున్నాను. చెల్లికి ఆ చుక్క గొడవ. టైము దగ్గర పడుతోంది. నన్ను ఓదార్చాలా, చుక్క చూడాలా? నా రెక్క పట్టుకుని లేపింది. 'అక్కా, ఏడుపు తర్వాతైనా ఏడవచ్చు, ఇది ఆగదు. నువ్వు చూడు, నేను వాచీ నొక్కుతాను' అంది. నా కళ్లు తన చేతిరుమాలుతో తుడిచింది. చేతులు వెనక్కి కట్టించింది. ఎలా చూడాలో అంతకుముందు రెండు మూడుసార్లు, ఆయనకి తెలియకుండా, నేర్పింది లెండి."

వెళ్లి మేస్త్రి కుర్చీలో కూర్చున్నాను.

"చూసింది మీరా?"

"నేనే. 'ఆరింది' అన్నాను. వెంటనే 'కాదు, ఉంది, ఇప్పుడారింది' అన్నాను. చెల్లి వాచీ రెండుసార్లు నొక్కింది. నన్ను గట్టిగా వాటేసుకుని మేడమీద గంతులేసింది మరిదిగారూ, చిన్నపిల్లలా. నేను ఎందుకొచ్చానో ఇద్దరం మర్చిపోయాం. పొద్దున లేచేసరికి నా సంచి విప్పి గూట్లో పెట్టి ఉంది. చూసిన మాట ఒకటి చెప్పాను, ఒక మనిషి దిద్దకుండా రాసుకుంది. అంతే, నాకది చాలనిపించింది. సంచి సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాను."

"మరి రిజిస్టరులో?"

"చూసినవారు, సమయం నొక్కినవారు, రెండు గళ్లుంటాయి కదా. రెండింట్లోనూ చెల్లి తన పేరే రాసుకుంది. నా పేరు రాస్తే నేను ఆ రాత్రి ఇక్కడున్నానని ఆయనకి తెలుస్తుంది. జ్వరం స్నేహితురాలు బయటపడుతుంది. సంచి బయటపడుతుంది."

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పద్దెనిమిదేళ్లు, వదినగారూ! కళ్లముందే ఎర్రసిరాతో కొట్టేస్తే, మీ చెల్లెల్ని కళ్లు కనపడని మనిషిని చేస్తే, మీరు పక్కన కూర్చుని కాఫీ కలిపి ఇచ్చారు. ఒక్క మాట! నేను చూశానని ఒక్క మాట చెప్పలేకపోయారు!"

"చెప్పబోయాను. చెల్లే వద్దంది."

"ఎప్పుడు?"

"ప్రతి ఏడూ. ఆఖరికి ఆస్పత్రిలో కూడా. మీరు మందులకి వెళ్లినప్పుడు అడిగాను, ఇప్పుడైనా చెప్పనా అని. 'ఇప్పుడు చెప్పి ఏం చేస్తావక్కా? మీ నలభై ఏళ్ల కాపురం ఆ ఒక్క రాత్రి అయి కూర్చుంటుంది. ఒక వాక్యం కదా, పోనీ' అంది."

నేను మందులకి వెళ్లింది పావుగంట. ఆ పావుగంటలో నా భార్య నాకు తెలియని మనిషై మళ్లీ తెలిసిన మనిషిగా నా చేయి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో గుర్తొచ్చింది.

చివరికి అన్నాను. "పోనీ, రేపు ఆయన కంటికే రెండు మెట్లు కనపడతాయి. కటకం కుదిరితే. వాక్యం మళ్లీ ఎక్కుతుంది."

వదినగారు ఇటు తిరిగారు. ఆ మొహం చూడగానే ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది.

"కనపడితే చెల్లి చూసిందని రాస్తారు. చెల్లి చూడలేదు. కనపడకపోతే..." ఆగారు. "మరిదిగారూ, అది ఏడ్చిన కన్ను. ఎంత తుడిచినా తడి. తడి కంటికి వీధి దీపం కూడా రెండుగా కనపడుతుంది. నేను చూసింది చుక్కనో, నా కన్నీళ్లనో, ఈ పద్దెనిమిదేళ్లూ నాకే తెలియదు. చెల్లికి మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను. అంత సంతోషంగా గంతులేసిందే!"

*

మెట్ల మీద దగ్గు వినిపించింది. ఒకటి కాదు, మూడు. మేస్త్రికి దగ్గు లేదు. మాకు మొహాలు సర్దుకునే వ్యవధి ఇచ్చి పైకొచ్చాడు. తెచ్చిన రెండు టీ గ్లాసుల్ని మా ఇద్దరి దగ్గరా పెట్టి, బిళ్ల విప్పాడు.

పదోది. పదకొండోది. పదకొండు దగ్గర వదినగారు "ఇది కొంచెం నయం" అన్నారు. తోక బాగా తగ్గింది. వలయాలు మాత్రం ఇంకా ఓ పక్కకి ఒరిగే ఉన్నాయి. ఆ ఒరుగుతో అర సెకనులో సగం చుక్క ఆరడం కనపడదు. మళ్లీ విప్పాం. ఇప్పుడు చూసేది వదినగారే. నేను రాసుకుంటున్నాను. పన్నెండు, ఎరుపు. పదమూడు, ఎరుపు, వంకర. ఆ వరసలు రాస్తుంటే నాకు తెలిసింది, ఇద్దరు ఆడవాళ్లు ఈ మేడమీద ఇలాగే నిలబడి ఉంటారని. ఒకరి కన్ను, ఒకరి చెయ్యి. ఏం వెతుకుతున్నానో కూడా నాకిప్పుడు తెలియదు. కటకం కుదరాలని కోరుకోవాలో, కుదరకూడదని కోరుకోవాలో తేలక, అయినా బిళ్ల బిగించిన ప్రతిసారీ నా ఊపిరి ఆగేది.

పద్దెనిమిదో చుక్క బిగించి చల్లారడానికి ఆగి ఉండగా ఎండ ట్యాంకు గోడ దిగిపోయింది. గోళీ మెరుపు ఆరిపోయింది.

"ఇంకా ఏడున్నాయి," అన్నాడు మేస్త్రి. "రేపు పదికల్లా ఎండ వస్తుంది. పొద్దున్నే వస్తాను."

"ఏడింట్లోనూ కుదరకపోతే?"

"అప్పుడు పదకొండుకి అటూ ఇటూ వెంట్రుక వెంట్రుక జరపాలి." సామాను సర్దుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. "అదొక రోజు పని సార్. మనకి ఉన్నది సాయంత్రందాకా."

ఆయన వెళ్లాక వదినగారు మెట్లు దిగలేదు. టెలిస్కోపు మీద దుప్పటి కప్పి, మూలలు లోపలికి దోపారు.

"నేను ఈ రాత్రి ఇక్కడే ఉంటాను," అన్నారు. "ఇప్పుడు వెళితే ఆయన కటకం గురించి అడుగుతారు. కటకం గురించి చెబుతూ మిగతాది మొహంలో దాచుకోవడం నా వల్ల కాదు. రేపు మీ అందరి ముందూ నోరు విప్పుతానో లేదో నాకింకా తెలియదు. తెలిసేదాకా ఆయన్ని చూడలేను. మీరు ఫోన్ చేయండి. జ్వరాలూ స్నేహితురాళ్లూ వద్దు. ఇక్కడున్నానని చెప్పండి, చాలు."

మా ఆవిడ గది ఆవిడకి ఇచ్చాను. ఉతికిన దుప్పటి ఒకటి ఉండడం అదృష్టం. ఆవిడ పక్క సర్దుకుంటుండగా ముందుగదిలో ఫోన్ తీశాను.

"చెప్పండి," అన్నాడు తోడల్లుడు.

"అన్నగారూ, వదినగారు ఇవాళ ఇక్కడే ఉంటారట. కటకం పని ఇంకా మిగిలి ఉంది, ఆవిడ కన్ను మాకు సాయంగా ఉంది." అందులో అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను.

అవతల లైను తెగిందనుకుని చెవి దగ్గర నుంచి తీయబోయాను.

"ఈసారి చెప్పి ఉంటోందన్నమాట," అన్నాడు.

తీయబోయిన ఫోన్ మళ్లీ చెవికి ఆనించాను.

"ఈసారి అంటే?"

"ఆ రాత్రి నేను మీ వీధి చివర దీపస్తంభం పక్కన నిలబడి ఉన్నాను. మీ మేడ మీద ఇద్దరున్నారు. ఒకరు వంగి చూస్తున్నారు, ఒకరు చేతిలో వాచీతో ఉన్నారు. తర్వాత ఇద్దరూ గంతులేశారు. నా భార్య నవ్వడం నేనంతకుముందు ఎప్పుడు విన్నానో గుర్తు తెచ్చుకుంటూ నిలబడ్డాను. తెల్లారేదాకా." ఆయన గొంతు ఎప్పట్లాగే ఉంది, తూచినట్టు. "ఎవరు వంగి చూశారో నాకు తెలుసు. తెలిసే కొట్టేశాను. ఎందుకో రేపు చెబుతాను. ఏడుకల్లా వస్తాను. కటకం సిద్ధంగా ఉంచండి."

ఫోన్ పెట్టేశాడు.

నేను ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. గది గుమ్మంలో వదినగారు నిలబడ్డారు, దిండు గలీబు ఒక మూల సరిచేస్తూ.

"ఏమన్నారు?"

ఆవిడ మొహంలో, మెట్లెక్కి వచ్చినప్పటి ఆయాసం కూడా లేదు. రోజంతా వంగి చూసిన కంటి కింద ఎర్రగా ఉంది. ఆవిడ ఇవాళ నిద్రపోగలిగితే అది నేను చేయగల ఒకే ఒక్క ఉపకారం.

"సరే అన్నారు," అన్నాను.

"దిద్దలేదా?"

"లేదు."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూశారు. తర్వాత తల ఊపి లోపలికి వెళ్లి, గడియ చప్పుడు కాకుండా, తలుపు మెల్లగా మూసుకున్నారు.